తొమ్మిదో మడత

"కుట్టు ఊడని పుస్తకాన్ని మా వీధిలో ఎవ్వరూ చదివిన పాపాన పోలేదు నాయనా. ఎందుకంటావా? నలుగురి చేతుల్లో నలిగితేనే కదా కుట్టు ఊడేది! నలగలేదూ అంటే అందులో సరుకు లేదన్నమాట. ఎవరైనా కొత్త పుస్తకం తెచ్చి చూపిస్తే మా జోళ్ళ తాత దాన్ని అటూ ఇటూ తిప్పి, 'దీన్నెవరూ ముట్టుకోలేదే, ఏం రోగం?' అనేవాడు."

వాన వెలిసిందని చెప్పినంత మామూలుగా చెప్పింది సూదత్త. ఎనభై రెండేళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు ఎప్పుడు చూసినా జాకెట్టుకి ఒక సూది, దానికి వేలాడుతూ మూరెడు దారం ఉండేవి కాబట్టి మొదట సూదమ్మాయి అన్నారు. జుట్టు నెరిశాక అదే సూదత్త అయింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

అరవై ఏళ్ళ కిందటి సంగతి ఇది. ఆ వీధిలో పదకొండు ఇళ్ళు, చిట్టచివరిది ఆమెది. ఇల్లంటే రెండు గదులు. ముందు గదిలో అత్తగారి మంచం. నడుము పట్టేసి ఆరేళ్ళుగా ఆవిడ ఆ మంచం మీదనుంచే ఇంటినీ, కిటికీ తెరిచి ఉంటే వీధినీ ఏలుతోంది. వెనక గదిలో పొయ్యి, దాని వేడి తగలనంత దూరంలో పుస్తకాలు కుట్టే బల్ల. మొగుడు సరుకు పడవల్లో వంటవాడు. ఏడాదికి రెండు నెలలు ఇంటి దగ్గర ఉంటాడు. ఆ రెండు నెలలూ పొయ్యి వైపు కన్నెత్తి చూడడు.

వీధి మొగలో అద్దె పుస్తకాల అంగడి ఉండేది. నడిపే మనిషిని అందరూ కళ్ళజోడాయన అనేవారు. చదివీ చదివీ ఊడిపోయిన పుస్తకాలను ఆయన మూటగట్టి సూదత్తకు పంపేవాడు. పాత దారం తెంపి, చిరుగులకు సన్న కాగితం అంటించి, మైనం పట్టించిన దారంతో మళ్ళీ కుట్టి, కొత్త అట్ట వేసి ఇవ్వడం ఆమె పని. చదివేవాళ్ళకు పుస్తకం ఒకటే వస్తువు. కుట్టేవాళ్ళకు అది పదో పదిహేనో మడతలు. పెద్ద కాగితాన్ని మడిచి మడిచి పదహారు పేజీలు చేస్తే ఒక మడత. మడత ఎక్కడ అయిపోతుందో రాసినాయనకు తెలియదు, అచ్చువేసినాయనకు పట్టదు. ఒక్కోసారి మాట సగంలో ఉండగానే మడత అయిపోతుంది.

అద్దెకు పుస్తకం తెచ్చుకునే తాహతు ఆ వీధిలో ఏ ఇంటికీ లేదు. చదవాలనే దురద మాత్రం పదకొండు ఇళ్ళకూ ఉంది. ఈ చిక్కు విప్పింది అత్తగారే.

"కుట్టి ఉంటే అది ఆయన పుస్తకం," అందావిడ. "విప్పి ఉంటే కాగితాలు. కాగితాలు చూస్తే తప్పేంటే అమ్మాయ్?"

అలా మొదలైంది. పుస్తకం విప్పగానే మొదటి మడత మొదటి ఇంటికి వెళ్ళేది. మర్నాడు అది రెండో ఇంటికి పోతే, రెండో మడత మొదటి ఇంటికి వచ్చేది. ఒక్కో మడతా రోజుకో ఇల్లు దిగుతూ వీధి చివరికి చేరేది. విప్పిన మనిషే ముందు చదవొచ్చు కదా అని ఎవరో అంటే, వండినవాళ్ళు చివర తినాలి అని అత్తగారు నోరు మూయించింది. చదువు రానివాళ్ళకు ఎవరో ఒకరు చదివి వినిపించేవారు. జోళ్ళ తాతకు అక్షరం ముక్క రాదు. కోడలు చదువుతుంటే ఆయన పని చేసుకుంటూ వినేవాడు. కథలో ఎవరైనా ఏడుస్తున్నంతసేపూ మేకులు కొట్టేవాడు కాదు, తోలు అంటించే పనేదో చూసుకునేవాడు.

పద్నాలుగు మడతల పుస్తకం వీధంతా తిరగడానికి ఇరవై నాలుగు రోజులు పడుతుంది. అందుకని సూదత్త ప్రతి పుస్తకానికీ నెల గడువు అడిగేది. జిగురు ఆరాలండీ అనేది. జిగురు నెల్లాళ్ళు ఆరుతుందనే కళ్ళజోడాయన నమ్మాడు. ముసురు పట్టిందంటే ఇంకో పది రోజులు ఆయనే కలిపేవాడు.

వీధికి ఒకటే చట్టం ఉండేది. ముందింటివాళ్ళు వెనకింటివాళ్ళకు కథ చెప్పకూడదు. మొదటి ఇల్లు మంత్రసాని పెద్దమ్మది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆమెను కిందికి జరుపుదామంటే కుదరదు. ఎప్పుడు ఎవరికి నొప్పులొస్తాయో తెలియదు కాబట్టి, మధ్యలో ఉంటే మడత ఆమె సంచీలో పడి ఊళ్ళు తిరుగుతుంది. నోరు కట్టుకున్నా ఆమె మొహం కట్టుకోలేకపోయేది. కథలో ఎవరైనా పోయిన రోజు నీళ్ళ దగ్గరికి వస్తే, తన వంతు వచ్చేదాకా గోడ వైపు తిరిగి నిలబడాలని తీర్మానించారు. ఆమె గోడ వైపు తిరిగి ఉందంటే ఎవరో పోయారని వీధంతటికీ తెలిసిపోయేది. ఎవరన్నది మాత్రం తెలిసేది కాదు.

ఇలా నాలుగేళ్ళు సాగింది. ఒక్క కాగితం పోలేదు. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళ పుస్తకం వచ్చింది.

ఒంటరి ఇంట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. పదేళ్ళ కిందట అక్కతో చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. ఎనిమిదో మడత సరిగ్గా అక్కడ అయిపోతుంది. చివరి పంక్తి: "తలుపు మీద చెయ్యి వేసి అతను". అంతే.

అత్తగారు ఆ పంక్తిని మూడుసార్లు చదివించుకుంది. మర్నాడు తొమ్మిదో మడత కోసం ఎదురుచూస్తుంటే ఎనిమిదో ఇంటి రొట్టెల మామ వచ్చాడు. చావు కబురు చల్లగా చెప్పడం ఆయన పద్ధతి. ముందు అత్తగారి నడుమెలా ఉందని అడిగాడు. ఎండ ఎక్కువైందన్నాడు. ఆ తర్వాత, "ఆ తొమ్మిదోది... మూడు రోజుల కిందటే రొట్టెకి చుట్టి ఇచ్చేశానమ్మాయ్. వెనకింటికి రేపు రేపని నెట్టుకొచ్చాను," అన్నాడు.

"ఎవరికి మామా?"

"పొడుగ్గా ఉన్నాడు. గొడుగుంది."

"ఎటు వెళ్ళాడు?"

"రొట్టె తింటూ వెళ్ళాడు."

పొట్లం కాగితాల దొంతర మీద పెట్టుకుని చదువుకున్నాడట. పూర్తి చేసి, కళ్ళు తుడుచుకుని, చెయ్యి జాపితే అందింది అదేనట. అయినా ఆశ చావక సూదత్త రేవు దాకా పరిగెత్తింది. గొడుగులు కనబడ్డాయి. ఒకటి పొడుగాయనదే. ఆ పొడుగాయనకు రొట్టె పడదట.

తిరిగొచ్చి బల్ల దగ్గర కూలబడింది. పుస్తకం ఇచ్చేటప్పుడు కళ్ళజోడాయన పేజీలు గలగలా వదిలి చూసుకుంటాడు. మడత తగ్గిందంటే కుట్టు పని ఇంకొకరికి పోతుంది, అందులో రెండో మాట లేదు. ఆమెకు కుట్టు తప్ప వేరే పని రాదు. ఆ బల్ల మీదికి పుస్తకం రావడం ఆగిపోతే పదకొండు ఇళ్ళలోనూ చదువు ఆగిపోతుంది. గడువు ఇంకా పదకొండు రోజులుంది.

పదో మడత వచ్చింది. అత్తగారు వినను పొమ్మంది. "మెట్టు తప్పించి నేనెక్కను," అంది. తొమ్మిదో ఇల్లూ, పదో ఇల్లూ కూడా అలాగే బిగుసుకున్నాయి. మడతలు వచ్చి సూదత్త బల్ల మీద కుప్ప పడుతున్నాయి.

ఉపాయం గడియారాల బావది. "ఎనిమిది ఇళ్ళవాళ్ళం చదివాం కదా. తలా ఒక ముక్క చెబితే నేను రాస్తాను. నా దస్తూరీ అచ్చులా ఉంటుంది," అన్నాడు. దస్తూరీ నిజంగానే బాగుంటుంది. గడియారం వెనక మూతలో గోరంత జాగాలో పేరూ తేదీ రాయగల మనిషి.

సెలవునాడు మధ్యాహ్నం ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఆయన గదిలో చేరారు. చుట్టూ గోడలకు గడియారాలు, ఏ రెండూ ఒక గంట చెప్పవు. రొట్టెల మామను తలుపు దగ్గర కూర్చోబెట్టారు. మాట్లాడే హక్కు ఆయనకు లేదన్నారు.

"అతని జోళ్ళు తడిసి ఉన్నాయి," అన్నాడు జోళ్ళ తాత. "ఎడమదాని మడమ అరిగింది."

"మడమ సంగతి పుస్తకంలో లేదు మామయ్యా. చదివింది నేను," అంది కోడలు.

"చదివింది నువ్వే. విన్నది నేను. అంత దూరం నడిచొస్తే అరగదూ?"

మడమ అరిగినట్టు రాశారు.

"అప్పుడు నాలుగు కొట్టింది," అన్నాడు గడియారాల బావ.

"మూడు కదూ!" అన్నారు ఇద్దరు ముగ్గురు. కలం ఎవరి చేతిలో ఉంటే గంట వాళ్ళది. నాలుగే పడింది.

మంత్రసాని పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "చెల్లెలు నెల తప్పింది."

అందరూ ఆమెవైపు తిరిగారు. "పుస్తకంలో ఎక్కడుంది పెద్దమ్మా?"

"ఎక్కడా లేదు. దాని నడక చూస్తే నాకు తెలిసింది."

"నడకెక్కడుంది? ఉన్నవి అక్షరాలేగా!"

"నేను చూసినన్ని నడకలు నువ్వు చూస్తే నీకూ అక్షరాల్లోనే కనబడుద్ది."

చేతులెత్తించారు. ఒక్క చెయ్యే లేచింది. చెల్లెలి సంగతి వదిలేశారు. ఆ తర్వాత పెద్దమ్మ ఏదడిగినా "నన్నెందుకడుగుతారు" అనడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి గుర్తున్నదంతా రాస్తే ఐదు పేజీలయింది. కావలసింది పదహారు. మిగతా పదకొండు పేజీల్లో ఏముందో ఎనిమిది ఇళ్ళలో ఒక్కరికీ గుర్తు లేదు.

"అందరూ బాగుందన్నారుగా?" అంది సూదత్త.

"బాగుంది కాబట్టే గుర్తులేదు," అంది పెద్దమ్మ, అలక మరిచిపోయి. "బాగోకపోతే ఒక్కో ముక్కా గుర్తుండేది."

ఆ ఐదు పేజీలూ పట్టుకుని సూదత్త ఇంటికొచ్చి అత్తగారికి చదివింది. అతను తలుపు మీద చెయ్యి వేసి తట్టాడు. నాలుగు కొట్టింది. అక్క వచ్చి తలుపు తీసింది...

"ఆపు," అంది అత్తగారు. "పదేళ్ళ తర్వాత వచ్చినవాడు ఒక్కసారి తడితే తలుపు తీసేస్తుందా? ఏం, గడియ పట్టుకుని నిలబడి ఉందా?"

"మరి ఎంతసేపాగాలి అత్తయ్యా?"

"పదకొండు పేజీలు ఖాళీ అన్నావుగా. అంతసేపు."

మర్నాడు గడియారాల బావ కలం, సిరాబుడ్డి తీసుకుని ఆ ముందు గదికి వచ్చాడు. ఆయన వెనకే వీధీ వచ్చింది. మంచం చుట్టూ కొందరు, కిటికీ అవతల కొందరు. అత్తగారు పైకప్పు చూస్తూ చెప్పుకుంటూ పోయింది.

"తట్టాడు. అక్క గింజల్లో రాళ్ళు ఏరుతోంది. వినబడింది. ఏరడం ఆపలేదు."

"పేరు పెట్టి పిలిచాడాండీ?" అన్నాడు బావ.

"ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? తట్టాడంతే. చెల్లెలు లేవబోతే అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఏరిన గింజల్ని మళ్ళీ చేటలో పోసి మళ్ళీ ఏరింది. లేచి గిన్నె కడిగింది. కడిగిన గిన్నే. గది ఊడ్చింది. పొద్దున ఊడ్చిందే. ఊడుస్తూ ఊడుస్తూ తలుపు దాకా వెళ్ళింది. కింద సందులోంచి అతని పాదాలు కనబడ్డాయి."

"జోళ్ళు తడిసున్నాయి," అన్నాడు తాత కిటికీలోంచి.

"తడిసున్నాయి. ఎడమదాని మడమ అరిగింది. అదీ రాసుకో. ఆ మడమ చూసి ఆమె తిరిగొచ్చి కూర్చుంది."

తాత పక్కనున్నవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

ఇలా మూడు పూటలు చెప్పింది. ఏమీ జరగలేదు. తలుపుకు ఇవతల ఒక మనిషి పని చేసుకుంటోంది, అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కిటికీ దగ్గర మాత్రం జనం పెరిగారు. రొట్టెల మామ రెండు పూటలు రొట్టెలు మాడ్చుకున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. పదో మడత ఇలా మొదలవుతుంది: "చేతికి కట్టు కట్టి, ఇప్పుడు చెప్పు అంది." ఆ చేతికి దెబ్బ ఎలా తగిలిందో ఎవరికీ గుర్తు లేదు. కుక్క కరిచిందేమో అన్నాడు రొట్టెల మామ. ఆయనకు మాట్లాడే హక్కు లేదని మళ్ళీ గుర్తుచేశారు.

"తలుపు తీసింది," అంది అత్తగారు. "చూసింది. చూసి మళ్ళీ వేసేసింది. అతని వేళ్ళు సందులో ఉన్నాయి."

బావ కలం సిరాబుడ్డిలో ముంచి, పైకి తీయడం మరిచిపోయాడు.

"చూసుకోలేదా?" అన్నాడు బావ మెల్లిగా.

"చూసుకుంది. రాసుకో. ఆ తర్వాత మళ్ళీ తీసింది. అరవలేదు కాబట్టి తీసింది. అరిచుంటే తీసేది కాదు."

మామగారు కూడా పడవల మనిషే. సూదత్త కాపురానికి వచ్చిన ఏడాదికే పోయాడు. ఆయన కుడిచేతి చూపుడువేలు, దాని పక్క వేలు వంకరగా ఉండేవి. పడవ తాడు పడి నలిగాయని చెప్పేవాడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

పదహారు పేజీలూ నిండాయి. చివరి పంక్తి కిందికి జారకుండా బావ అక్షరాలు కాస్త ఇరికించాడు. వాటిని ముందు తొమ్మిదో ఇంట్లో, తర్వాత పదో ఇంట్లో, ఆఖరున అత్తగారి మంచం పక్కన వరస తప్పకుండా చదివారు. తను చెప్పిందే అయినా ఆవిడ కొత్తగా వింటున్నట్టు విని, "ఫరవాలేదు, చదువు తర్వాతది," అంది. సూదత్త మడతలు పేర్చి, ఎనిమిదికీ పదికీ మధ్య దాన్ని పెట్టి, దారం లాగి ముడేసింది. జిగురు గంటలో ఆరింది.

గడువునాడు పుస్తకం పట్టుకుని అంగడికి వెళ్ళింది. కళ్ళజోడాయన అట్ట నిమిరి చూశాడు. బొటనవేలితో పేజీలు వదిలాడు. మధ్యలో వేలు ఆగింది.

"ఇదేంటమ్మా?"

"తొమ్మిదో మడతండీ."

"చేత్తో రాసుందే!"

"అవునండీ."

"అసలుదేమైంది?"

"రొట్టెకి చుట్టారండీ."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "ఎవరు రాశారిది?"

"మా వీధండీ."

ఇక దాచడానికేమీ లేదు. కాగితాలు వీధిలో తిరగడం, మడతకో రోజు, అన్నీ చెప్పేసింది. కాళ్ళమీద పడదామా అనుకుంది. ఆయన అప్పటికే చదవడం మొదలుపెట్టాడు. నిలబడే చదివాడు. ఎవరో పుస్తకం కోసం వస్తే చెయ్యి ఊపి పంపేశాడు. పదహారో పేజీ చివరికొచ్చి తలెత్తాడు.

"అసలుదీ ఇలాగే ఉంటుందా?"

"తెలీదండీ. మా ఇల్లు చివరిది, మాదాకా రాలేదు. మీరు చదివే ఉంటారు కదండీ?"

"నేనా? ముప్ఫయ్యేళ్ళలో ఇందులో ఒక్క పుస్తకం చదవలేదు," అన్నాడు కళ్ళజోడాయన, తన అరలన్నిటినీ చూపిస్తూ. "చదివితే ఏది మంచిదో తెలిసిపోతుంది. తెలిశాక మిగతావి అడిగినవాళ్ళకి ఏ మొహంతో ఇస్తాను?" పదహారో పేజీ మళ్ళీ తీసి అడిగాడు. "కట్టు కట్టాక ఏమవుతుంది?"

"చెప్పకూడదండీ," అంది సూదత్త. అనేశాక నాలిక్కరుచుకుంది.

ఆయన ఆ సాయంత్రం పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళాడు. మూడు రోజులు అంగడి నుంచి ఏ కబురూ రాలేదు. సూదత్త బల్ల తుడిచి తుడిచి పెట్టుకుంది. నాలుగో రోజు ఒక మూట వచ్చింది. ఐదు పుస్తకాలు, అన్నీ కుట్లు ఊడినవే. వెనకే ఆయనా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రొట్టెలాయన చేతికి మాత్రం ఇవ్వకండి. ఆయనకి ఎవరైనా చదివి వినిపించండి," అన్నాడు. "ఇంకొకటి. మీ తర్వాత నాకివ్వండి. మడతలుగానే. కుట్టిన పుస్తకం చూస్తే ఎంతుందో తెలిసిపోయి భయమేస్తోంది."

వీధికి పన్నెండో ఇల్లు వచ్చింది. జిగురు మాట ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. రొట్టెల మామ రోజూ సాయంత్రం అత్తగారి మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని వినేవాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలని ఆవిడ నియమం.

అక్కాచెల్లెళ్ళ పుస్తకం రెండేళ్ళకు మళ్ళీ కుట్టుకి వచ్చింది. విప్పి చూస్తే మడతలన్నిట్లో తొమ్మిదోది ఎక్కువ నలిగి ఉంది. ఒకచోట ఎవరో సిరాతో "పాపం" అని రాశారు. ఎవరిని ఉద్దేశించో తెలియలేదు. అత్తగారికి చూపిస్తే, "అసలుదయితే ఇంత నలిగేది కాదంటావా?" అంది. సూదత్త ఏమీ అనలేకపోయింది. ఆవిడ ఇంకో ఏడాది బతికింది. ఆ ఏడాదిలో ఆ మాట ఐదారుసార్లు అడిగింది. కళ్ళజోడాయన పోయాక అంగడి మూతపడింది, పుస్తకాలు చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. ఆ పుస్తకం ఎటు పోయిందో తెలియదు.

వినడానికి వచ్చిన మనిషి లేచి చెప్పులు వేసుకుంటుంటే సూదత్త గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పెద్ద పెద్ద గ్రంథాలయాలకి వెళ్తుంటానన్నావు. అచ్చయిన పుస్తకమేగా, ఇంకోటి ఎక్కడో ఉండే ఉంటుంది. అసలులో ఆవిడ అతన్ని ఎంతసేపు నిలబెట్టిందో నేను చూడాలి. మా అత్తయ్యకి జవాబు చెప్పలేదు నాయనా నేను. పుస్తకమంతా మోసుకురాకు, మిగతా పదమూడు మడతలూ నాకు నోటికొచ్చు. నూట ఇరవై తొమ్మిదో పేజీ నుంచి నూట నలభై నాలుగు దాకా, ఆ ఒక్కటీ విప్పి పట్టుకురా. నేను చూసి, కుట్టి ఇచ్చేస్తాను. విప్పేటప్పుడు దారం బ్లేడుతో తెంపు, లాగకు. లాగితే కాగితం చిరుగుతుంది."